పక్కవాద్యం నుంచి ప్రధానవాద్యానికి: ద్వారం వెంకటస్వామి నాయుడు తొలిదశ – కథనాల పరిశీలన

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) జీవితాన్ని గురించి తెలుగులో చెప్పుకొనే కథలలో తరచుగా వినిపించే ఘట్టం ఒకటి ఉంది. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఏర్పడింది. చూపు సరిగా లేని ఇరవయ్యారేళ్ల యువకుడొకరు అందులో విద్యార్థిగా చేరదామని ఫిడేలు పట్టుకొని వెళ్లారు. అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు ఆయనను వాయించమన్నారు. వాయించిన తరువాత ఆయన నేర్చుకొనవలసింది అక్కడ ఏమీ లేదని తేలింది. విద్యార్థిగా వెళ్లినవారు ఆచార్యులుగా తిరిగివచ్చారు.

ఈ ఘట్టం తరువాత కథనం సాధారణంగా 1938కి దూకుతుంది. ఆ సంవత్సరం వెల్లూరులో నాయుడు తన తొలి ఏకవాద్య కచేరీ చేశారు. అక్కడినుంచి 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చిన ‘సంగీత కళానిధి’, 1952లో యెహూదీ మెనూహిన్ ఆయన వాద్యం విని ఆశ్చర్యపోవడం, 1957లో ‘పద్మశ్రీ’ వరుసగా వస్తాయి. 1919కీ 1938కీ నడుమ పంతొమ్మిదేళ్లున్నాయి. ఒక కళాకారుని ఇరవయ్యారో ఏటినుంచి నలభైనాలుగో ఏటివరకు గడిచిన కాలమది. అది కథనంలో ఒక వాక్యానికి మించి చోటు సంపాదించుకోలేదు. నాయుడి ప్రతిభను గురించి ఎంతో ఆదరంతో మాట్లాడిన కథనాలలోనే ఆ ప్రతిభ రూపుకట్టిన కాలం ఇలా జారిపోవడానికి కారణం ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలిస్తున్న విషయం.

1919లో ఆయన వయొలిన్ ఆచార్యులుగా నియమితులైన మాట చారిత్రకం. విద్యార్థిగా చేరబోయారన్నది మౌఖికంగా ప్రచారంలో ఉన్న మాట. అది జరిగిందా లేదా అన్న విచికిత్స ఇక్కడ అవసరం లేదు. అటువంటి కథ తెలుగువారి నోట అంత సులువుగా ఎందుకు నిలిచిందన్నదే ప్రశ్న.

చాటుకథ అచ్చు

తెలుగు సాహిత్య చరిత్రతో పరిచయమున్నవారికి ఈ కథ అచ్చు కొత్తది కాదు. ఒక సభ. పరీక్షించగల ఒక పెద్ద. అనుకోని అభ్యర్థి. అప్పటికప్పుడు ప్రదర్శన, అప్పటికప్పుడు గుర్తింపు, వెంటనే సత్కారం. రాయలు గండపెండేరాన్ని పళ్లెరంలో పెట్టించి ‘ఎవరు దీనికి అర్హులు’ అని అడిగినప్పుడు పెద్దన లేచి ఆశువుగా ఉత్పలమాలిక చెప్పాడన్న కథకూ దీనికీ ఎముకల గూడు ఒక్కటే. చాటు సంప్రదాయం కవులను గురించి చెప్పే కథలు చారిత్రకంగా నిలవకపోయినా, ఒక సమాజం కవిత్వాన్ని ఎలా చదివిందో, కవిలో దేనిని మెచ్చిందో చెప్పే సాక్ష్యాలుగా విలువైనవని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల పరిశోధన స్పష్టం చేసింది. ఆ దృష్టితో చూస్తే విజయనగరపు కథ కూడా విలువైనదే. నారాయణదాసంతటివారు ఒక్కసారి విని తేల్చగలిగారని చెప్పడంలో ఆ కళాశాల గౌరవం, ఆ ఊరి గౌరవం, ఆ ఉద్యోగపు గౌరవం మూడూ ఉన్నాయి.

అయితే కవిని గురించిన చాటుకథకు ఉన్న ఆధారం వాద్యకారుని గురించిన కథకు లేదు. పెద్దన కథను పక్కన పెట్టినా ‘మనుచరిత్ర’ మిగులుతుంది. కథ చెప్పిన మెప్పును కావ్యంతో పోల్చి చూసుకొనే వీలు పాఠకునికి ఉంటుంది. 1919లో ఆ గదిలో నాయుడు ఏ రాగం వాయించారో, ఎంతసేపు వాయించారో కథ చెప్పదు. చెప్పవలసిన అవసరం కూడా దానికి లేదు. వాద్యం అక్కడ ఒక శూన్యస్థానం. విన్నవారి ఆశ్చర్యమే ఆ స్థానాన్ని నింపుతుంది. నాయుడిని గురించి రాసినవారికి సంగీతం తెలియక ఇలా జరిగిందనడం అన్యాయం. వారిలో చాలామందికి అది బాగా తెలుసు. లోపం రచనారూపానిది. చాటుకథకు క్షణం కావాలి. ఏళ్లతో దానికి పని లేదు.

అవతారిక లేని జీవితం

తెలుగు కవి తన పుట్టుపూర్వోత్తరాలను తానే చెప్పుకొన్నాడు. అవతారిక అందుకోసమే ఏర్పడింది. వంశం, గురువు, కృతిభర్త, కావ్యం రాయడానికి ప్రేరణ, కొన్ని చోట్ల ఒక స్వప్నం అందులో ఉంటాయి. వాగ్గేయకారులు ముద్రల ద్వారా తమ ఉనికిని కృతిలోనే నిలుపుకొన్నారు. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ వంటి మహత్తర కృషి సాధ్యపడింది ‘వాక్కు’ మిగిలినందువల్లనే. గేయాన్ని మాత్రమే చేసి వాక్కు లేకుండా వెళ్లిపోయినవారికి అటువంటి చరిత్ర లేదు.

విజయనగరంలోనే ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. కళాశాల అధ్యక్షులు నారాయణదాసు హరికథలు, కావ్యాలు, అనువాదాలు విస్తారంగా రచించినవారు. ‘నా యెఱుక’ పేరిట తమ తొలి జీవితాన్ని తామే చెప్పుకొన్నారు. చదువులు, తిరుగుళ్లు, సభలు, గెలుపులు, దురుసుతనాలు సహా ఒక యువ కళాకారుడు ఎలా తయారయ్యాడో తెలుసుకోవడానికి అరుదైన ఆకరం ఆ గ్రంథం. నారాయణదాసు తొలిదశ ఉత్తమపురుషలో ఉంది. అదే కళాశాలలో ఆయన అధ్యక్షతన పదిహేడేళ్లు పనిచేసిన నాయుడి తొలిదశ ప్రథమపురుషలోనే, అదీ ఇతరుల మాటలలోనే మనకు మిగిలింది. ఇద్దరి ప్రతిభలో వ్యత్యాసం ఎంతైనా కావచ్చు, కాకపోవచ్చు. స్మృతిలో వారి స్థానాలను వేరుచేసింది మాత్రం ఒకరి చేతిలో భాష ఉండడం, ఒకరి చేతిలో కమాను ఉండడం.

గురుపరంపర విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. కర్ణాటక సంగీత విద్వాంసుని పరిచయం త్యాగరాజ శిష్యపరంపరలో ఆయన స్థానంతో మొదలుకావడం ఆనవాయితీ. నాయుడి విషయంలో ఆ వాక్యం రాయడానికి వీల్లేదు. తండ్రి సైన్యంలో పనిచేసినవారు. బెంగుళూరులో పుట్టిన నాయుడు విశాఖపట్నంలో పెరిగారు. మొదటి గురువు ఇంటిలోని అన్నగారు వెంకటకృష్ణయ్య. ప్రసిద్ధ గురుకులం కాని, ఆస్థాన వంశం కాని వెనుక లేవు. పరిచయ వ్యాసాలలో ‘జన్మతః అబ్బిన విద్య’, ‘పూర్వజన్మ సుకృతం’ వంటి మాటలు సరిగ్గా ఈ చోటులోనే వచ్చి కూర్చుంటాయి. అవి నాయుడి విద్యను వర్ణించే మాటలు కావు, పరంపర లేనిచోట పరంపరకు మారుగా వచ్చిన మాటలు. అన్నగారు ఇంటిలో ఏళ్ల తరబడి చేయించిన సాధన ‘జన్మతః’ అన్న ఒక్క పదంతో చెరిగిపోతుంది. గురువు పేరు ప్రసిద్ధమై ఉంటే ఇలా చెరిగేది కాదు.

చూపును గురించిన మాటలు కూడా ఇదే కోవలోవి. చిన్ననాడే దృష్టి మందగించడంతో నాయుడి బడిచదువు ఆగిపోయింది. ఒక ఇంద్రియం తగ్గినందువల్ల మరొకటి దైవికంగా పదునెక్కిందని చెప్పడం సులువు. విజయనగర కళాశాల ఏర్పాటే చాగంటి జోగారావు కుమారుడైన గంగరాజు అనే అంధబాలుని సంగీతవిద్య కోసం జరిగిందని చెప్పుకుంటారు. ఈ రెండింటినీ కలిపి విధిలిఖితంగా చూపడం మరింత సులువు. కాని విషయం ఇంతకన్న లౌకికమైనది. బడి పుస్తకంమీద ఆధారపడ్డ సంస్థ. కళ్లు మందగించిన పిల్లవానికి అది తలుపు మూసింది. సంగీతశిక్షణ ఆనాడు చెవిమీద ఆధారపడ్డ వ్యవస్థ. చూపున్నవారు కూడా అందులో విని, అని, మళ్లీ విని నేర్చుకొనేవారే. అక్కడ నాయుడి చూపు ఒక కొరత కాలేదు. అద్భుతం జరిగిందనడం కన్న, ఒక విద్యావ్యవస్థ వెలివేసినవారికి మరొక విద్యావ్యవస్థ చోటిచ్చిందనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

పక్కవాద్యమనే పని

ఆ పంతొమ్మిదేళ్లలో నాయుడు రెండు పనులు చేశారు. పాఠం చెప్పారు. గాయకులకు పక్కవాద్యం వాయించారు. రెండవదానిని కథనాలు ‘ప్రసిద్ధ విద్వాంసులెందరికో సహకరించారు’ అన్న వాక్యంతో ముగిస్తాయి. ‘సహకారం’ అన్న మాటలోనే ఆ పని రెండవ శ్రేణిదన్న ధ్వని ఉంది. తెలుగు అధ్యయనం ఆగి చూడవలసింది ఇక్కడే, ఎందుకంటే ఆ పనిలో సింహభాగం తెలుగు భాషతో చేసే పని.

కచేరీలో గాయకుడు కృతి పాడుతున్నప్పుడు వయొలిన్ వెంట నడుస్తుంది. ముందుగా కలిసి సాధన చేసుకొనే అలవాటు సాధారణంగా ఉండదు. ఏ కృతి రాబోతుందో తెలియకపోవచ్చు. తెలిసినా ఏ పాఠాంతరంలో రాబోతుందో తెలియదు. త్యాగరాజ కృతులు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యపరంపరలలో వేర్వేరుగా నడిచాయి. ఒకే పల్లవికి ఒకరు నాలుగు సంగతులు పాడితే మరొకరు ఎనిమిది పాడతారు. వరుస మారుతుంది, ఎత్తుగడ మారుతుంది. ఒక బాణీలో పెరిగిన గాయకునికి తన పాఠం ఒక్కటి తెలిస్తే చాలు. అనేక బాణీల గాయకులకు వాయించే వైణికునికో, వయొలిన్ విద్వాంసునికో అన్ని పాఠాలూ చెవిలో ఉండాలి. సంగీతజ్ఞులు వాడే ‘పాఠాంతరం’ అన్న మాట పరిష్కర్తలు వాడే మాటే కావడం కాకతాళీయం కాదు. తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పాఠభేదాలను గుర్తుంచుకొనే పరిష్కర్త పనికీ పక్కవాద్యకారుని పనికీ దగ్గరి పోలిక ఉంది. ఒక తేడా ఉంది. పరిష్కర్తకు తీరిక ఉంటుంది, పక్కవాద్యకారునికి అరక్షణం వ్యవధి మాత్రమే ఉంటుంది.

ఆలాపనలో పని మరొక రకంగా ఉంటుంది. గాయకుడు ఒక సంచారాన్ని విడిచిన చోట దాని కొసను అందుకొని నిలపాలి. గాయకుని ఊహ ఎటు సాగబోతోందో పసికట్టాలి, కాని ముందుగా వెళ్లరాదు. తన వంతు వచ్చినప్పుడు గాయకుడు చెప్పినదానికన్న తక్కువ నిడివిలో అదే రాగాన్ని మళ్లీ నిర్మించాలి. అనుకరణ అయితే చప్పగా ఉంటుంది. మించితే మర్యాద తప్పుతుంది. నెరవులో, స్వరకల్పనలో ప్రశ్నకు జవాబు వెంటవెంటనే పడాలి. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అవధాన ప్రక్రియలు ఎరిగినవారికి ఈ ఒత్తిడి ఏమిటో వివరించనక్కరలేదు. అవధాని మధ్యలో ఉంటాడు, వయొలిన్ విద్వాంసుడు పక్కన ఉంటాడు. పృచ్ఛకుడెవరో, ప్రశ్నేమిటో ఇద్దరికీ ముందుగా తెలియదు.

ఇక కమాను మాట. పాశ్చాత్య వాద్యంగా వచ్చిన వయొలిన్‌ను పంతొమ్మిదో శతాబ్దంలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరు నలుగురు సోదరులలో ఒకరైన వడివేలు కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. దాని శ్రుతి మారింది. భంగిమ మారింది. నిలబడి గడ్డం కింద పట్టుకొనే వాద్యాన్ని మఠం వేసుకొని కూర్చుని, కొసను పాదంమీద ఆనించి వాయించడం వల్ల ఎడమచేతికి వాద్యాన్ని మోసే భారం తప్పింది. గమకానికి కావలసిన జారుడు అందువల్ల సాధ్యమైంది. ఇలా ఎడమచేతి పని పూర్తిగా మనదైంది. కుడిచేతి పని, అంటే కమాను నడక, చాలాకాలం పొట్టి పొట్టి విరుపులతో సరిపెట్టుకొంది. నాయుడు పాశ్చాత్య వాదనలోని నిండు కమానును, నాదశుద్ధిని ఆకళింపు చేసుకొన్నారన్నది విమర్శకులు సాధారణంగా అంగీకరించే విషయం. దీనిని ‘పాశ్చాత్య ప్రభావం’ అని ఒక ముక్కలో తేల్చడం పరిపాటి అయింది. ఆ నిండు కమాను ఏ అవసరానికి పనికివచ్చిందో అడిగితే జవాబు పశ్చిమంలో దొరకదు.

తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది, ఆ అచ్చు సాగుతుంది. గొంతులో హల్లు పలుకుతుంది, అచ్చు పాడుతుంది. వాద్యానికి హల్లు లేదు. కమాను దిశ మారిన చోట, వేళ్ల కింద కర్ర ఒత్తిడి మారిన చోట హల్లు ఉన్న భ్రమ కలుగుతుంది. ఒకే లాగులో సాగిన చోట దీర్ఘం వినిపిస్తుంది. ద్విత్వం దగ్గర చిన్న నొక్కు కావాలి. సమాసం నడుమ కమాను తిరిగితే సమాసం విరిగిపోతుంది. తెలుగు తెలియని గాయకులు త్యాగరాజ కృతులలో పదాలను విరవకూడని చోట విరవడం విమర్శకులు తరచుగా ఎత్తిచూపే దోషం. వాద్యంలో అదే దోషం కమాను విరుపుగా వినిపిస్తుంది. పొట్టి కమానుతో వాయించేవారికి పదచ్ఛేదం చేతిలో ఉండదు. కమాను నిడివి ఎక్కడ అయిపోతే అక్కడ మాట విరుగుతుంది. నిండు కమాను చేతిలో ఉన్నవారికి ఎక్కడ విరవాలో ఎంచుకొనే స్వేచ్ఛ ఉంటుంది. పశ్చిమం నుంచి వచ్చిన లాఘవం తెలుగు మాట నిలబడడానికి పనికివచ్చిందని చెప్పడం సాహసం కాదు.

పక్కవాద్యకారునికి ఇందులో ఒక ధర్మసంకటం కూడా ఉంది. గాయకుడు మాటను తప్పుగా విరిస్తే వయొలిన్ ఏం చేయాలి? వెంట నడవడమే దాని ధర్మం. తెలుగు వచ్చిన చెవికి ఆ విరుపు ముల్లులా తగులుతున్నా చేయి గాయకుని వెంటే పోవాలి. తన వంతు వచ్చినప్పుడు మాత్రమే మాటను మాటగా నిలపగల అవకాశం ఉంటుంది. గాయకుని మర్యాదకు భంగం కలగకుండా, సభలో తెలిసినవారికి మాత్రమే తెలిసేలా చేసే సవరణ అది. నాయుడి వాద్యంలో సాహిత్యం వినిపిస్తుందని శ్రోతలు మెచ్చుకొన్న గుణం ఒక్కరోజు పరీక్షలో పుట్టేది కాదు. ఇటువంటి కచేరీలు ఏళ్ల తరబడి వాయిస్తే చేతికి వచ్చేది.

విజయనగరం దూరం

1919లో దొరికిన ఉద్యోగం కీర్తికి తొలిమెట్టు అన్నట్టుగా చెబుతారు. ఆనాటి సంగీతరంగపు భూగోళాన్ని చూస్తే అలా తోచదు. తంజావూరు, కుంభకోణం, మద్రాసు కేంద్రాలుగా సభలు, ఉత్సవాలు, పోషకులు ఉన్న కాలం. మద్రాసు సంగీత అకాడమీ పుట్టుకకు కారణమైన సంగీత సమ్మేళనం 1927లో జరిగింది. విజయనగరం అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. విజయనగరానికి తనదైన వీణ సంప్రదాయం ఉంది, ఆస్థానం ఉంది, సాహిత్యవాతావరణం ఉంది. గురజాడ అప్పారావు కన్నుమూసి అప్పటికి నాలుగేళ్లే. కాని దక్షిణాది కచేరీ రంగం దృష్టిలో అది ఒక అంచు.

ఆ అంచున నెలజీతం ఉంది. కచేరీ కచేరీకి దొరికే సంభావనమీద ఆధారపడనక్కరలేకుండా చేసిన జీతం అది. ఏ పెద్ద గాయకునికీ అంటిపెట్టుకొని ఉండనక్కరలేని స్థితి అది. పక్కవాద్యకారులలో అధికుల బతుకు ఆనాడు ప్రముఖ గాయకుల ప్రయాణాల పట్టికకు కట్టుబడి ఉండేది. నాయుడి స్వతంత్రత వెనుక ఆయన స్వభావంతోపాటు సంస్థ ఇచ్చిన నిలకడ కూడా ఉందని గుర్తించడం అవసరం. ‘రాజు ఆదరించాడు’ అన్న పాత మాట దీనిని సరిగా చెప్పదు. ఆదరణ వేరు, ఉద్యోగం వేరు. ఆదరణకు మెప్పు కావాలి. ఉద్యోగానికి ప్రతిరోజూ పాఠం కావాలి.

పాఠం చెప్పడం వల్ల వాద్యకారునికి కలిగే ఫలితాన్ని తేలికగా తీసుకోరాదు. తాను చెవితో, చేతితో, అలవాటుగా చేసే పనిని అది ఏమాత్రం తెలియని పిల్లవాని ముందు విప్పి ముక్కలుగా చూపాలి. కమాను ఎక్కడ ఎత్తాలో, ఎందుకెత్తాలో మాటలలో చెప్పవలసి వస్తుంది. నాయుడి తరువాత ఆ కళాశాలకు వచ్చిన పేర్లు చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నేదునూరి కృష్ణమూర్తి అక్కడ ద్వారం నరసింగరావు వద్ద చదువుకొన్నారు. ఘంటసాల ఆ కళాశాల విద్యార్థి. పి. సుశీల కూడా అక్కడివారే. వీరంతా గాయకులు. వయొలిన్ ప్రాబల్యం ఉన్న కళాశాల నుంచి తెలుగు మాటను నిలిపి పాడగల గొంతులు వరుసగా రావడానికి ఒక్క ద్వారం వారే కారణమనడం అతిశయోక్తి. పట్రాయని సీతారామశాస్త్రి వంటివారి బోధన లేకుండా ఘంటసాల లేరు. అయినా ఆ కళాశాలలో వాద్యానికీ గాత్రానికీ నడుమ గోడ లేదన్న మాట నిలుస్తుంది.

1938ని ఈ నేపథ్యంలో మళ్లీ చదవాలి. వెల్లూరు కచేరీని వయొలిన్ చరిత్రలోనే మొట్టమొదటి ఏకవాద్య కచేరీగా చెప్పే ఉత్సాహం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ బిరుదు లేకపోయినా ఆ కచేరీ విలువ తగ్గదు. నాయుడికి అది తొలి ఏకవాద్య కచేరీ, ఆయన వయసు అప్పటికి నలభైనాలుగు. ‘యువ ప్రతిభ’ అన్న మాటకు మన మనసులో ఉన్న వయఃప్రమాణం ఇక్కడ పనికిరాదు. 1916లో పుట్టిన మెనూహిన్ పదకొండేళ్ల వయసులో, 1927లో, న్యూయార్క్ కార్నెగీ హాలులో బీథోవెన్ కన్చెర్టో వాయించారు. 1932లో, పదహారేళ్ల ప్రాయంలో, ఎల్గర్ కన్చెర్టోను స్వయంగా ఎల్గర్ నిర్వహణలో రికార్డు చేశారు. ఆ సంప్రదాయంలో వయొలిన్‌కు నడిమి పీట ముందే వేసి ఉంది. వెనుక వాద్యబృందం ఉంది, రాసిపెట్టిన కృతి ఉంది. పిల్లవాడు వచ్చి ఆ పీటమీద నిలబడితే చాలు. మన సంప్రదాయంలో వయొలిన్‌కు ఆ పీట లేదు. పక్కన కూర్చున్న వాద్యం నడుమకు జరగాలంటే ముందుగా శ్రోత చెవి మారాలి. పాడేవారు లేకుండా కృతి ఎలా వినాలో శ్రోత నేర్చుకోవాలి. తెలిసిన కృతిలో వయొలిన్ వాయిస్తుంటే మాటను శ్రోత తన లోపల తాను పలుకుకుంటాడు. వాద్యకారుడు అతనికి విరుపులను మాత్రమే అందిస్తాడు. ఏకవాద్య కచేరీ ఒకరి సాహసం ఎంతో, పక్కవాద్యంగా వయొలిన్‌ను ఏళ్ల తరబడి విని పదును తేలిన శ్రోతల సాహసం కూడా అంతే. ఆకాశవాణి మద్రాసు కేంద్రం ఆరంభమైంది కూడా 1938లోనే కావడం గమనించదగినది. కళ్లకు గాయకుడు కనిపించని చోట వాద్యాన్ని వాద్యంగా వినే అలవాటు బలపడడానికి అనువైన కాలమది.

సమకాలికులైన మైసూరు టి. చౌడయ్య (1895–1967) ఎదుర్కొన్న సమస్యనూ ఇక్కడ పోల్చవచ్చు. మైకులు లేని సభలలో వయొలిన్ చివరి వరుసకు వినిపించకపోవడం ఆనాటి ఇబ్బంది. చౌడయ్య మూడు తంత్రులు చేర్చి ఏడు తంత్రుల వయొలిన్ సృష్టించారు. నాయుడు నాలుగు తంత్రులనే ఉంచుకొన్నారు. ఒకరు వాద్యాన్ని మార్చారు, ఒకరు కుడిచేతిని మార్చుకొన్నారు. ఇద్దరికీ ఆ అవసరం పుట్టింది పక్కవాద్యపు పీటమీదనే. ఆ సంగతి ఇద్దరి జీవితకథలలోనూ తగినంతగా చెప్పబడలేదు.

మెనూహిన్ 1952లో మద్రాసులో, జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో నాయుడి వాద్యం విన్న ఘట్టాన్ని చాటుకథతో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పరీక్షకుడు మారాడు, నిర్మాణం మారలేదు. 1919లో నారాయణదాసు కూర్చున్న చోట 1952లో మెనూహిన్ కూర్చున్నారు. మళ్లీ ఒక గది, మళ్లీ ఒక వినికిడి, మళ్లీ ఒక ఆశ్చర్యం. మొదటి ఘట్టంలో ప్రతిభను ధ్రువీకరించినవాడు తెలుగు పండితుడు, రెండవదానిలో విదేశీ విద్వాంసుడు. యాభై ఎనిమిదేళ్ల విద్వాంసుని మళ్లీ ఒక యువ అభ్యర్థిగా చేసి చూపడం ఈ రెండో కథ చేసే పని. దానిని రాసినవారికి అది గౌరవంగానే తోచి ఉంటుంది.

నాయుడి తొలిదశను ఈ రెండు గదుల నడుమ నుంచి బయటకు తీసి రాయడానికి సామగ్రి లేకపోలేదు. ‘ఆంధ్రపత్రిక’, ‘కృష్ణాపత్రిక’, ‘భారతి’ వంటి పత్రికలలో వచ్చిన కచేరీ వార్తలు, సమీక్షలు 1920ల, 1930ల నాటివి పరిశీలించదగినవి. అటువంటి వార్తలలో గాయకుని పేరు ముందు వస్తుంది. పక్కవాద్యాల పేర్లు చివర ఒక వాక్యంలో వస్తాయి, కొన్నిసార్లు ఒక విశేషణంతో, కొన్నిసార్లు అది కూడా లేకుండా. ఆ చివరి వాక్యాలను ఏ గాయకుడు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరాలతో వరుసగా పేరిస్తే ఆయన ఏయే బాణీల పక్కన కూర్చున్నారో, ఏయే పాఠాంతరాలు ఆయన చెవిన పడ్డాయో తెలుస్తుంది. తరువాతి కాలపు గ్రామఫోను రికార్డులలో మూడు నాలుగు నిమిషాలలో ఆయన ఒక కృతిని ఎక్కడ విరిచి ఎక్కడ నిలిపారో, అదే కృతికి ముద్రిత పాఠాలలో ఉన్న పదవిభాగంతో పోల్చి చూడడం సంగీతశాఖ ఒక్కటే చేయవలసిన పని కాదు.